దుబ్బు మొదట్లో మరుగుజ్జు సాలీడు - సుడిదోమకు తొలి కాపలా

నాట్లు వేసి ఇరవై, ఇరవై ఐదు రోజులైన వరి చేలోకి పొద్దున్నే మంచు ఆరకముందు దిగండి. ఏదో ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి బెత్తెడు పైన పిలకల సందుల్లోకి చూడండి. పిలకకూ పిలకకూ మధ్య అడ్డదిడ్డంగా అల్లిన సన్నని దారాలు, వాటి మీద మంచు చుక్కలు కనిపిస్తాయి. ఇంకాస్త ఓపిగ్గా చూస్తే ఆ దారాల కింద నువ్వుగింజంత పురుగు ఒకటి తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. చాలామంది రైతులు దీన్ని చూసి ఉండరు. చూసినా ఏదో దోమ పిల్ల అనుకుంటారు. దాన్ని చూసి భయపడి మందు కొట్టినవాళ్లూ ఉన్నారు.

అది దోమ కాదు, దోమను తినే సాలీడు. దీన్ని మరుగుజ్జు సాలీడు అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అటిపెనా ఫార్మోసానా. తైవాన్ దీవికి పాత రోజుల్లో ఫార్మోసా అనే పేరుండేది, 1977లో అక్కడి సాలీడును చూసి ఆ పేరు పెట్టారు. మన దేశంతో పాటు ఆసియాలో నీరు నిలిచే వరి పొలాల్లో ఇది కనిపిస్తుంది. ఇంటి మూలల్లో దుమ్ము పట్టిన గూళ్లు కట్టే సాలీళ్లకూ దీనికీ దూరపు చుట్టరికమే. దీని కుటుంబం వేరు. ఆ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద నాలుగు వేలకు పైగా జాతులున్నాయి, దాదాపు అన్నీ ఇలాంటి చిన్నవే.

సాలీడు పురుగే కదా అని అడుగుతారు. వాడుకలో సాలెపురుగు అంటాం గానీ అసలు లెక్కలో కాదు. పురుగుకు ఆరు కాళ్లు, సాలీడుకు ఎనిమిది. పురుగు ఒళ్లు తల, రొమ్ము, పొట్ట అని మూడు భాగాలు. సాలీడుకు తలా రొమ్మూ ఒకే ముక్క, వెనక పొట్ట, అంతే. రెక్కలు ఎప్పటికీ రావు. ఈ తేడా గుర్తుంటే పొలంలో పొరపడరు. సుడిదోమ పిల్లకు ఆరు కాళ్లే, తాకితే పక్కకు గెంతుతుంది. మరుగుజ్జు సాలీడు గెంతదు. తాకితే దారం పట్టుకుని నీటి మీదకు జారుతుంది, లేదా నెమ్మదిగా పక్క పిలక మీదకు నడుస్తుంది.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. వరి చేలో తోడేలు సాలీడు అని మరొకటి ఉంది. అది గూడు కట్టదు, పరుగెత్తి వేటాడుతుంది. దాని పిల్లలు చూడ్డానికి మరుగుజ్జు సాలీడంతే ఉంటాయి. నడక చూస్తే తెలిసిపోతుంది. తోడేలు సాలీడు పిల్ల నీటి మీద చకచకా పరుగెడుతుంది, మరుగుజ్జుకు అంత తొందర ఉండదు. రెండూ మనకు మేలు చేసేవే కాబట్టి లెక్కలో పొరపడినా నష్టం లేదనుకోండి.

గూడు ఎక్కడ, ఎందుకు?

గుండ్రంగా చక్రంలా అందంగా గూడు కట్టే సాలీళ్లు వరి చేలో వేరే ఉన్నాయి. పొడవు దవడల సాలీడు అలాంటిదే. అది ఆకు మీద కాళ్లు చాపి, ఆకులో ఆకులా పడుకుని ఉంటుంది. దాని గూడు పైన ఆకుల మధ్య ఉంటుంది కాబట్టి ఎగిరే తెల్ల రెక్కల పురుగులు, పచ్చదీపపు పురుగులు అందులో పడతాయి. మరుగుజ్జు సాలీడు అంత పైకి రాదు. దాని గూటికి చక్కని రూపమూ ఉండదు. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కొంచెం పైన, పీచు చిక్కుపడ్డట్టు నాలుగు దారాలు లాగి ఉంటుంది, అంతే.

కానీ ఆ చోటు చూడండి. సుడిదోమ బతికేది సరిగ్గా అక్కడే. ఆకుల పైన ఎండ, గాలి. దుబ్బు మొదట్లో నీడ, చెమ్మ. సుడిదోమ తల్లి ఆకు తొడుగును చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. వారం, తొమ్మిది రోజుల్లో పిల్లలు బయటికి వచ్చి ఆ తొడుగు మీదే కూర్చుని రసం పీలుస్తాయి. రెండు మూడు వారాల్లో ఐదుసార్లు చర్మం మార్చుకుని పెద్దవవుతాయి. ఒక పిలక మీంచి ఇంకో పిలక మీదకు గెంతేటప్పుడు దారాల మీద పడక తప్పదు. దారం కదలగానే సాలీడుకు తెలుస్తుంది. వచ్చి కొరుకుతుంది, విషం ఎక్కిస్తుంది. సాలీడు నమిలి తినదు. అరిగించే రసాన్ని దోమ ఒంట్లోకి పంపి, లోపలిది నీళ్లయ్యాక పీల్చేస్తుంది. తర్వాత మిగిలేది ఉత్త డొల్లే. ఆ తెల్లని డొల్లలు గూటికి వేలాడుతుంటే మీ చేలో కాపలా నడుస్తోందని అర్థం. అయితే దోమ మార్చుకున్న చర్మాలు కూడా తెల్లగానే ఉంటాయి. అవి ఆకు తొడుగుకు, నీటి మీద ఉంటాయి. గూటిలో చుట్టుకుని ఉన్నవి సాలీడు తిన్నవి.

గూటిలో పడ్డవాటినే కాదు, ఆకలైతే గూడు వదిలి వచ్చి పక్కనున్న పిల్లలను కూడా పట్టుకుంటుంది. మనిషిని కుడుతుందేమోనని భయం అక్కర్లేదు. నువ్వుగింజంత దాని కోరలు మన చర్మంలోకి దిగవు.

లెక్క వేసి చూద్దాం

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1987లో రైతుల కోసం మిత్ర పురుగుల మీద ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో ఈ సాలీడు రోజుకు నాలుగైదు దోమ పిల్లలను తింటుందని రాశారు. ఒక్కో దుబ్బు మొదట్లో ముప్పై, నలభై దాకా కూడా ఉండవచ్చని ఉంది. మన చేలల్లో అన్ని చోట్లా అన్ని ఉండవు. ఐదే ఉన్నాయనుకోండి. రోజుకు నాలుగు చొప్పున ఇరవై దోమ పిల్లలు. దుబ్బుకు పదిహేను దోమలు కనిపిస్తే మనం మందుల దుకాణానికి పరుగెత్తుతున్నాం. దోమ పిల్లలు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లో ఈ ఐదు సాలీళ్లు దుబ్బులో ఉంటే ఆ పదిహేను లెక్క రాకుండానే పోవచ్చు.

ఇక్కడే అసలు విషయం ఉంది. సాలీడు ముందు ఉండాలి, దోమ తర్వాత రావాలి. దోమ దుబ్బుకు వంద అయ్యాక సాలీడు వచ్చి చేసేదేమీ ఉండదు. సుడిదోమ తల్లి వందల్లో గుడ్లు పెడుతుంది. మరుగుజ్జు సాలీడు పెట్టేది ఎనభై, వంద. గుండ్రని గుడ్ల గుత్తి పెట్టి, పైన పల్చని పట్టుపొర కప్పి, ఎండిన ఆకు తొడుగులో దాచుతుంది. పందెం పెడితే దోమే గెలుస్తుంది. అందుకే సాలీడుకు ముందు నుంచే చేలో చోటు దొరకాలి.

మరి దోమ రాకముందు అది ఏం తిని బతుకుతుంది? ఈ ప్రశ్న మీద ఇండోనేషియాలోని జావా దీవి పొలాల్లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1996లో తమ ఫలితాలు ప్రచురించారు. దమ్ము చేసిన పొలంలో కుళ్లే గడ్డీ గాదం, పశువుల ఎరువు, పచ్చిరొట్ట మీద నీటిలో బోలెడు సన్నపురుగులు పుడతాయి. వరిని అవి ముట్టవు. కుట్టని దోమల్లాంటి ఈగలు, నీటి మీద గెంతే చీమ తలకాయంత పురుగులు అవి. నాటిన మొదటి నెలలో సాలీళ్లు వాటిని తిని పెరుగుతాయి. తర్వాత దోమ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది. నేలలో సేంద్రియం ఎక్కువైన మళ్లలో ఈ సన్నపురుగులూ, వాటిని తినే మిత్ర పురుగులూ ఎక్కువగా కనిపించాయి. పశువుల ఎరువు నేలకు బలం అని మన పెద్దలు అన్నది నిజమే. అది సాలీడుకు కూడా మేత పెడుతుందని ఈ లెక్క.

నాటిన ఇరవై రోజులకే మొదటి మందు

మన దగ్గర ఏం జరుగుతోంది? నాటు పచ్చబడగానే రైతు దుకాణం దగ్గర ఆగుతాడు. ‘బాబాయ్, ఇరవై రోజులైంది కదా, గుళికలు చల్లెయ్, యూరియాలో కలిపితే కూలీ కూడా కలిసొస్తుంది’ అంటాడు దుకాణం కుర్రాడు. ఆకుచుట్టు పురుగు నాలుగు ఆకులు చుట్టిందంటే తెల్లారేసరికి ఒక పిచికారీ. ఆ వయసులో వరికి నాలుగు ఆకులు పోయినా మళ్లీ ఆకులు వేసుకునే సత్తా ఉంది. కానీ ఆ ఒక్క పిచికారీతో దుబ్బు మొదట్లో కాపలా ఖాళీ అయిపోతుంది. గూడు కట్టే సాలీడుకు పారిపోయే దారి తక్కువ. మందు తుంపర దారాల మీద పడుతుంది, సాలీడు ఆ దారాల మీదే తిరుగుతుంది. నీటిలోని సన్నపురుగులూ చచ్చాక తిండి కూడా ఉండదు.

ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే మందులు, అంటే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి, వరిలో సుడిదోమను మళ్లీ పుంజుకునేలా చేస్తాయని ఎన్నో ఏళ్లుగా తెలుసు. కారణం సులువు. దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, వాటికి మందు తగలదు. పైనున్న పెద్ద దోమలు, సాలీళ్లు, దోమ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లులు అన్నీ చస్తాయి. వారం తర్వాత గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి. అప్పటికి వాటిని తినేవాళ్లు లేరు. ‘మందు కొట్టాక దోమ రెట్టింపైంది, నకిలీ మందు ఇచ్చారు’ అని దుకాణదారుతో తగాదా పడే రైతులున్నారు. నకిలీ మందులు లేవని కాదు. కానీ చాలాసార్లు మందు అసలుదే, అది బాగా పనిచేసింది కూడా, చావకూడని వాటి మీద.

దీనికి పెద్ద మూల్యం కట్టిన దేశం ఇండోనేషియా. అక్కడి ప్రభుత్వం పురుగు మందుల మీద భారీగా సబ్సిడీ ఇచ్చేది. కొట్టినకొద్దీ దోమ పెరిగింది. ఫిలిప్పీన్స్ పొలాల్లో పీటర్ కెన్మోర్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన అప్పటికే కారణం చెప్పింది. మిత్ర పురుగులను మందు చంపడమే దోమ విజృంభణకు దారి తీస్తోందని ఆయన తేల్చారు. 1986లో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తో ఒక్క ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందులను నిషేధించారు. తర్వాతి ఏళ్లలో సబ్సిడీ కూడా ఎత్తేశారు. మందుల వాడకం బాగా తగ్గింది, వరి దిగుబడి మాత్రం తగ్గలేదు. వియత్నాంలో 1994లో మెకాంగ్ డెల్టా రైతుల మధ్య మొదలైన ప్రచారం ఇంకా సూటిగా ఉండేది: మొదటి నలభై రోజులు ఆకు తినే పురుగులకు మందు కొట్టొద్దు. మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతుకు ఆ మాట కొత్తగా అనిపించవచ్చు. పైసా ఖర్చు లేని సలహా కాబట్టి దుకాణంలో ఎవరూ చెప్పరు.

ఎన్ని దోమలుంటే మందు?

సాలీడుంది కదా అని చేతులు కట్టుకుని కూర్చోమని ఈ వ్యాసం చెప్పడం లేదు. పాలు పోసుకునే దశలో సుడిదోమ ముదిరితే చేను సుడులు సుడులుగా పండిపోయి, రోజుల్లో పడిపోతుంది. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన ఎకరం అలా పోతే ఆ ఇల్లు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గాలివాటున దూరం నుంచి దోమ గుంపులుగా దిగిన ఏడాది సాలీళ్లు ఒక్కటే ఆపలేవు. కాండం తొలిచే పురుగు పిలక లోపల ఉంటుంది కాబట్టి మరుగుజ్జు సాలీడుకు అందదు. ఉల్లికోడు పురుగు కూడా అంతే. సాలీడుకు మిత్రుడూ శత్రువూ అనే తేడా తెలియదు, ఒక్కోసారి మిరిడ్ నల్లిని కూడా తింటుంది.

అందుకని లెక్క పెట్టాలి. వారానికి ఒకసారి, దోమ అనుమానం ఉన్న రోజుల్లో రెండుసార్లు, చేలో ఐమూలగా నడుస్తూ ఇరవై దుబ్బులు చూడండి. గట్టు పక్క దుబ్బులు చూసి వచ్చేస్తే లెక్క తప్పుతుంది, దోమ మడి నడిమధ్యలో మొదలవుతుంది. దుబ్బును పక్కకు వంచి అరచేత్తో రెండుసార్లు తట్టండి. దోమలు, సాలీళ్లు, నల్లులు నీటి మీద పడతాయి. ఎన్ని దోమలు, ఎన్ని సాలీళ్లు, విడిగా రాసుకోండి. రాయడం కుదరకపోతే బడికెళ్లే పిల్లను వెంట తీసుకెళ్లండి. పిల్లల కళ్లకు ఈ నువ్వుగింజలు మనకన్నా ముందు కనిపిస్తాయి.

పిలక దశలో దుబ్బుకు 10-15, అంకురం తర్వాత 20-25 దోమలు కనిపిస్తే మందు ఆలోచించాలని మన దగ్గర చెబుతారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫార్సులో సాలీడును కూడా లెక్కలోకి తీసుకున్నారు. సాలీడు లేకపోతే పిలకకు ఒక దోమ, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు దోమల దాకా ఆగవచ్చు. అంటే ఒక్క సాలీడు ఉంటే చాలు, ఓర్చుకునే హద్దు రెట్టింపవుతుంది.

హద్దు దాటితే ఆలస్యం చేయొద్దు. అప్పుడు కూడా మందు ఎంపికలో సాలీడును మరిచిపోకండి. బుప్రోఫెజిన్ 25 శాతం మందు లీటరు నీటికి 1.6 మిల్లీలీటర్ల చొప్పున వాడితే దోమ పిల్లలు చర్మం మార్చుకోలేక చస్తాయి, సాలీళ్ల మీద దెబ్బ తక్కువ. ఇది కొట్టిన మర్నాడే దోమ రాలిపడదు, మూడు నాలుగు రోజులు ఆగాలి. అది తెలియక మర్నాడే ఇంకో మందు కొట్టేవాళ్లు రెండు ఖర్చులూ పెట్టుకుంటున్నారు. పైమెట్రోజైన్ 50 శాతం మందైతే లీటరుకు 0.6 గ్రాములు. ఏదైనా ఎకరానికి 200 లీటర్ల నీరు ఉండాలి, ముందుగా మడిలో నీరు తీసేయాలి. పాయలు తీసి, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టాలి. పైపైన ఆకుల మీద కొడితే పొడవు దవడల సాలీడు చస్తుంది, దోమ బతుకుతుంది. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపకండి. మీ మండల వ్యవసాయ అధికారిని అడిగి, రసీదు తీసుకుని కొనండి.

సాలీడుకు ఇల్లు

నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమని చెబుతున్నా, ‘నేల వృథా’ అని చాలామంది వదలడం లేదు. బాట వదిలితే గాలీ వెలుతురూ మొదళ్లకు తగిలి దోమకు ఇబ్బంది. మీరు దుబ్బులు చూసుకోవడానికీ, అవసరమైతే మొదళ్లకు మందు కొట్టుకోవడానికీ దారి ఉంటుంది. నత్రజని ఒకేసారి కుమ్మరించకండి. పచ్చగా, మెత్తగా ఉన్న చేను దోమకు విందు. విజేత, కాటన్ దొర సన్నాలు లాంటి రకాలు దోమను కొంతవరకు తట్టుకుంటాయి, సాంబమసూరి తట్టుకోదు. సాంబమసూరి వేసేవారికి సాలీడు అవసరం మరీ ఎక్కువ.

సాలీడు పిల్లలు కొత్త చేలోకి ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. రెక్కలు లేవు కదా! పిల్ల సాలీడు ఆకు కొనకు ఎక్కి, పొట్ట పైకెత్తి, సన్నని దారం గాలిలోకి వదులుతుంది. గాలి ఆ దారాన్ని లాగితే దానితో పాటు తేలిపోతుంది. 1832లో చార్లెస్ డార్విన్ ప్రయాణించిన ఓడ తీరానికి అరవై మైళ్ల దూరంలో ఉండగా దాని తాళ్ల మీద ఇలా వచ్చిన చిన్న సాలీళ్లు వేలల్లో వాలాయి. సముద్రం మీద అంత దూరం పోగలిగిన ప్రాణి పక్క గట్టు నుంచి మీ మడిలోకి రావడం పెద్ద పని కాదు. పక్క గట్టు మీద అది బతికి ఉండాలి, అంతే.

కోత అయ్యాక గడ్డి తగలబెట్టే చోట అది బతకదు. మిషన్ కోత తర్వాత మిగిలిన మోళ్లలో, ఎండిన తొడుగుల్లో దాని గుడ్లుంటాయి. నిప్పు పెడితే వచ్చే పంట కాపలా అక్కడే బూడిదవుతుంది. గట్టు గడ్డిని కలుపు మందుతో మొత్తం మాడ్చేయకుండా, కొడవలితో కోసి పశువుకు వేస్తే మొదళ్లలో సాలీడుకు నీడ మిగులుతుంది. దమ్ము చేసే రోజుల్లో గుప్పెడు లావు వరిగడ్డి కట్టలు కట్టి, గట్ల వెంట అక్కడక్కడా నిలబెట్టండి. చైనా రైతులు ఎప్పటినుంచో చేస్తున్న పని ఇది. నాగలి, ట్రాక్టరు తిరుగుతున్నప్పుడు నీళ్ల మీద కొట్టుకుపోయే సాలీళ్లు ఆ కట్టల్లోకి ఎక్కి దాక్కుంటాయి. నాటు పూర్తయిన రెండు మూడు రోజులకు ఆ కట్టలను మడి మధ్యలోకి తెచ్చి, నీటికి పైన ఉండేలా కర్రలకు ఆనించి వదిలేయండి. ఎకరానికి పది కట్టలు పెట్టినా నష్టం లేదు. పశువులు పీక్కుపోకుండా మాత్రం చూసుకోవాలి.